బౌవీ కత్తి చేసే ముందు కథ ఏ సంవత్సరమో అడగండి

ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌లో కత్తులు, తుపాకులు చేయడం నా పని. "కౌబాయ్ కత్తి ఒకటి కావాలన్నా" అని ఎవరొచ్చినా, కథ ఏ సంవత్సరంలో జరుగుతుందని ముందే అడుగుతాను. చాదస్తం అనుకుంటారు, అనుకోనీ. ఒకసారి 1850ల టెక్సాస్ సీన్‌లో నా కత్తి పిడికున్న స్టార్ స్క్రూ (తల మీద ప్లస్ గుర్తులా గాడి ఉండేది) క్లోజప్‌లో తళుక్కుమంది. ఆ స్క్రూలు వచ్చింది 1930లలో! ఎడిటింగ్‌లో షాట్ పోయింది, దాంతోపాటే నా పేమెంట్‌లో సగం.

కౌబాయ్ కత్తి అని వాళ్లడిగేది బౌవీ కత్తినే. దానికా పేరు జిమ్ బౌవీ అనే అమెరికన్ వల్ల వచ్చింది. అతను 1827లో అమెరికాలోని నాచెజ్ ఊరి దగ్గర ఇసుకతిన్నె మీద జరిగిన కొట్లాటతో పేరుకెక్కాడు, 1836లో టెక్సాస్‌లోని అలమో కోట దగ్గర యుద్ధంలో చనిపోయాడు. మొదటి బౌవీ కత్తి కొలతలు అతని అన్న రెజిన్ 1838లో రాసిపెట్టాడు: 9¼ అంగుళాల పొడవు, అంగుళంన్నర వెడల్పు, ఒకవైపే పదును, వంపు లేదు. అంటే చూడ్డానికి మటన్ కొట్టు కత్తే. హీరోకి అది ఆనదు. అతనికి కావలసింది మొన దగ్గర వీపు చంద్రవంకలా కోసి, పిడి దగ్గర అడ్డుపట్టీ ఉన్న కత్తి. కథ 1840 దాటితే అది నిశ్చింతగా ఇవ్వండి. అప్పటికి ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ కార్ఖానాలు అలాంటివి చేసి అమెరికాకు పంపుతున్నాయి.

ముద్ర దగ్గరే ఎక్కువమంది దొరికిపోతారు. పిడి పక్కన పదును పెట్టకుండా వదిలేసిన చోట షెఫీల్డ్ పేరు, కిరీటం, దానికి రెండువైపులా వి, ఆర్ అక్షరాలు వేయొచ్చు. ఆ అక్షరాలు విక్టోరియా రాణివి, ఆమె 1837 నుంచి 1901 దాకా ఏలింది కాబట్టి చెల్లుతుంది. ఇంగ్లండ్ అనే మాట మాత్రం వద్దు. సరుకు మీద దేశం పేరు ఉండాలని అమెరికా 1890లో చట్టం చేశాకే ఆ ముద్ర మామూలైంది.

ఇక తయారీ. అట్టముక్క మీద నమూనా గీసి, 5 మి.మీ. అల్యూమినియం రేకు కోయండి. అంచు ఆకురాయితో గుండ్రంగా అరగదీయాలి, పదును అసలు ఉండకూడదు. ఎమరీ పేపర్ పొడవునా ఒకే దిశలో రుద్దండి. కొత్త షెఫీల్డ్ కత్తి అద్దంలా మెరిసేది, వేటగాడి నడుముకు పదేళ్లు వేలాడింది మాత్రం బూడిదరంగుకు తిరుగుతుంది. టర్పెంటైన్ కలిపిన బ్లాక్ జపాన్ (నల్ల వార్నిష్) పూసి వెంటనే తుడిస్తే ఆ రంగొస్తుంది.

అడ్డుపట్టీకి జర్మన్ సిల్వర్. మన గృహప్రవేశాల్లో రిటర్న్ గిఫ్టుగా ఇచ్చే గిన్నెల లోహమే. పేరులో తప్ప వెండి ఉండదు. పిడికి షెఫీల్డ్ వాళ్లు మన దేశపు కణుజు (సాంబార్ జింక) కొమ్ము తెగ వాడారు. ఇప్పుడు ఇక్కడ ఆ కొమ్ము కొనడం, అమ్మడం నేరం, కాబట్టి సిలికాన్ అచ్చులో ప్లాస్టిక్ రెజిన్ పోసి, పిడికి అటూ ఇటూ వచ్చే చెక్కలు చేసుకోండి. రెండు చెక్కలనూ ఇత్తడి కడ్డీ ముక్కలతో బిగించి, తలలు సుత్తితో నలగ్గొట్టి అరగదీయండి. స్క్రూ జోలికి వెళ్లొద్దు.

ఒరకు దళసరి అట్ట మీద పల్చటి తోలు అంటిస్తే చాలు, అప్పట్లో షెఫీల్డ్ వాళ్లూ చాలావాటికి అదే చేశారు.

అల్యూమినియం తేలిక కాబట్టి నటుడు కత్తిని కర్రపుల్లలా ఊపేస్తాడు. చెక్కలు బిగించే ముందే పిడి లోపల సీసం ముక్క దూర్చండి. ఫైట్ సీన్లకు ఇది ఇవ్వకండి, దీనికి అచ్చు తీసి, అందులో రబ్బరు డూప్ పోసి అది ఇవ్వండి.