మదర్‌బోర్డు మార్చినా లైనక్స్ మళ్ళీ ఎక్కించక్కర్లేదు, కాకపోతే ముందు ఇవి చూస్కోండి

పాత ఇంటెల్ బోర్డు తీసేసి ఏఎండీ రైజెన్ ప్రాసెసర్ బోర్డు పెడుతున్నాం, ఉబుంటు (లైనక్స్‌లో ఒక రకం) మళ్ళీ మొదట్నించీ ఎక్కించాలా అంటే అక్కర్లేదు, ఎస్‌ఎస్‌డీ పీకి కొత్తదాంట్లో పెడితే చాలాసార్లు అదే లేస్తుంది. బూటయిన ప్రతిసారీ కెర్నెల్, అంటే లైనక్స్ గుండెకాయ, హార్డ్‌వేర్‌ని కొత్తగా వెతుక్కుంటుంది, ఏది కనిపిస్తే దానికి తగ్గ మాడ్యూల్‌ని (డ్రైవర్‌ని) యూడెవ్ అనే ప్రోగ్రామ్ లోడ్ చేయిస్తుంది, డ్రైవర్లు దాదాపు అన్నీ కెర్నెల్‌తో పాటే డిస్కులో పడి ఉంటాయి. ఇబ్బంది పెట్టేవల్లా పాత మెషీన్‌కి కట్టేసిన సెట్టింగులే, అవి కేసు విప్పకముందే చూస్కోవాలి.

బ్యాకప్ సంగతి చెప్పక్కర్లేదు కదా. ఏ పార్టిషన్ ఎక్కడ మౌంట్ అవ్వాలో రాసుండే ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైల్ తెరిచి పార్టిషన్లు యూయూఐడీతో (ప్రతి పార్టిషన్‌కీ విడిగా ఉండే గుర్తింపు కోడ్) ఉన్నాయో ఎస్‌డీఏ1 లాంటి పేర్లతో ఉన్నాయో చూడండి, పేర్లుంటే మార్చేయండి, కొత్త బోర్డులో అదే డిస్కు ఎస్‌డీబీ అయిందంటే బూట్ మధ్యలో ఆగిపోవచ్చు. ఇన్‌స్టాలర్ రాసినవి మామూలుగా యూయూఐడీలే, తర్వాత మనం చేత్తో కలిపిన లైన్లతోనే తంటా.

ఎన్విడియా కార్డు తీసి ఏఎండీ పెడుతుంటే ఎన్విడియా డ్రైవర్ ముందే అన్‌ఇన్‌స్టాల్ చేసేయండి. ఎప్పుడో రాసిన ఎక్సార్గ్ కాన్ఫ్ (డిస్‌ప్లే సెట్టింగుల ఫైల్) ఉంటే అదీ పక్కన పెట్టేయండి. డిస్కు ఎన్‌క్రిప్ట్ చేసి టీపీఎంతో (కీలు దాచే సెక్యూరిటీ చిప్) ఆటోమేటిగ్గా తెరుచుకునేలా పెట్టుకున్నవాళ్ళు మాత్రం జాగ్రత్త, ఆ కీ పాత బోర్డుతోనే పోతుంది, పాస్‌ఫ్రేజ్ గానీ రికవరీ కీ గానీ పనిచేస్తోందో లేదో ఇప్పుడే టెస్ట్ చేస్కోండి.

ఉబుంటు కాకుండా ఫెడోరా, ఆర్చ్ లాంటి లైనక్స్‌లు అయితే ఇంకొకటుంది. ఉబుంటు, డెబియన్ ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌లో (బూట్ మొదట్లో లోడయ్యే చిన్న ఇమేజ్) చాలావరకు డ్రైవర్లు కుక్కేస్తాయి, ఫెడోరా, ఆర్చ్ ఏమో ఉన్న మెషీన్‌కి సరిపడా మాత్రమే పెడతాయి, అందుకే కొత్త బోర్డులో లేవకపోవచ్చు. ఫెడోరాలో గ్రబ్ (లైనక్స్‌ని లేపే బూట్‌లోడర్) మెనూలో రెస్క్యూ ఎంట్రీతో లేచి ఆ ఇమేజ్ కట్టే డ్రాకట్ మళ్ళీ రన్ చేస్తే సరి, ఆర్చ్‌లో ముందే ఇలా డ్రైవర్లు తగ్గించే ఆటోడిటెక్ట్ హుక్ తీసేసి ఇమేజ్ కట్టుకోండి.

ఇక జనం ఎక్కువగా కంగారుపడేది బూటబుల్ డివైస్ లేదని వచ్చినప్పుడు. డిస్కు పాడవ్వలేదు! యూఈఎఫ్‌ఐ (పాత బయోస్ స్థానంలో వచ్చిన బోర్డు ఫర్మ్‌వేర్) బూట్ ఎంట్రీ డిస్కులో ఉండదు, పాత బోర్డు మెమరీలో ఉండిపోయింది, కొత్త బోర్డుకి గ్రబ్ ఎక్కడుందో తెలీదంతే. బూట్ మెనూలో డిస్కుని నేరుగా ఎంచుకుంటే ఒక్కోసారి లేచేస్తుంది, లేవకపోతే లైవ్ యూఎస్‌బీతో బూట్ చేసి, రూట్ పార్టిషన్, ఈఎఫ్‌ఐ పార్టిషన్ మౌంట్ చేసి, చ్రూట్‌తో మీ డిస్కులోని సిస్టమ్‌లోకెళ్ళి గ్రబ్ ఇన్‌స్టాల్ కమాండ్ కొట్టండి. లైవ్ యూఎస్‌బీ కూడా యూఈఎఫ్‌ఐ మోడ్‌లోనే బూటవ్వాలి, లేకపోతే ఎంట్రీ పడదు. అసలు డిస్కే కనిపించకపోతే బయోస్‌లో స్టోరేజ్ రెయిడ్ మోడ్‌లో ఉందేమో చూసి మామూలు డిస్క్ మోడ్ ఏహెచ్‌సీఐకి మార్చండి. పాత సిస్టమ్‌ని లెగసీ బయోస్ మోడ్‌లో ఎక్కించి ఉంటే కొత్త బోర్డులో సీఎస్‌ఎం (ఆ పాత మోడ్‌ని నడిపించే ఆప్షన్) ఉందో లేదో కొనేముందే కనుక్కోండి.

లేచాక నెట్ రాలేదంటే మొదట పేరు చూడండి. ఈథర్నెట్ ఈఎన్‌పీ3ఎస్0 కాస్తా ఈఎన్‌పీ4ఎస్0 అయిపోతుంది, ఆ పేరు పీసీఐ స్లాట్‌ని బట్టి పడుతుంది కాబట్టి బోర్డు మార్చకుండా ఒక్క గ్రాఫిక్స్ కార్డు కలిపినా మారిపోవచ్చు, నెట్‌ప్లాన్‌లో (ఉబుంటు నెట్‌వర్క్ సెట్టింగులు) స్టాటిక్ ఐపీ రాసుకున్న హోమ్ సర్వర్లు దీనికే బలి. వైఫై ఫర్మ్‌వేర్ లేదంటే ఫోన్‌ని యూఎస్‌బీ టెథరింగ్‌లో పెట్టి దించుకోండి. బోర్డు మరీ కొత్త మోడలైతే కెర్నెల్ కూడా కొత్తది కావాలి, ఉబుంటు ఎల్‌టీఎస్ (ఎక్కువకాలం సపోర్ట్ ఉండే వెర్షన్) వాళ్ళు కొత్త హార్డ్‌వేర్ కోసం ఇచ్చే హెచ్‌డబ్ల్యూఈ కెర్నెల్ వేసుకుంటే చాలావరకు సరిపోతుంది. ఇంటెల్ నుంచి ఏఎండీకి వస్తే ఏఎండీ మైక్రోకోడ్ (ప్రాసెసర్‌లోని లోపాలు సరిచేసే అప్‌డేట్లు) ప్యాకేజీ ఉందో లేదో కూడా చూస్కోండి.