పాత ఫోక్స్‌వాగన్ క్యాంపర్‌కి రంగు వేయించే ముందు

1967-79 మధ్య జర్మనీలో తయారైన ఫోక్స్‌వాగన్ బస్సు, అందులోనూ వెస్ట్‌ఫాలియా కంపెనీ లోపల పడక, అల్మారాలు అమర్చిన క్యాంపర్ కొన్నారా? ఫోటోలు చూసి రంగు డిసైడ్ చేయకండి. ముందు సీటు వెనక అడ్డుగోడ మీద గానీ, కాస్త కొత్త మోడల్ అయితే డ్యాష్‌బోర్డు పక్కన గానీ చిన్న రేకు ముక్క ఉంటుంది. దాన్ని ఎం-ప్లేట్ అంటారు. ఆ అంకెల వరుసల్లోనే ఫ్యాక్టరీ రంగు, లోపలి సీటు కవర్ల కోడ్ రెండూ దొరుకుతాయి. ఎక్కువగా కనబడే పాస్టెల్ వైట్ కోడ్ ఎల్90డి.

ప్లేట్ పోయిందా? సీటు కింద, చెక్క అల్మారా వెనక, ఎండ తగలని చోట తడిగుడ్డతో తుడిచి చూడండి. బయట వెలిసిపోయిన పసుపు అక్కడ మామిడిపండులా మెరుస్తుంది! సీటు కవర్ల గళ్ల గుడ్డకీ అంతే, కుట్టు విప్పి లోపలి మడత చూస్తేనే అసలు రంగు.

ఇంకోటి, కోడ్ ఉంది కదా అని డబ్బా మొత్తం కలిపించేయకండి. ముందు చిన్న రేకు మీద కొట్టించి, ఎండలో పెట్టి, ఆ దాగిన చోటుతో పోల్చండి. పైకి లేచే టాప్ ఫైబర్‌గ్లాస్, బాడీ ఇనుము. రెండూ ఒకేలా పాతబడవు, కాబట్టి టాప్‌ని చూసి బాడీ రంగు కలిపిస్తే తేడా కొడుతుంది.