మన పికప్ – మన పనిముట్లు: 5వ పాఠం – కొత్త ఆయిల్ చాంబర్ ఎంచుకోవడం

పోయిన పాఠంలో ఇచ్చిన పని చేశారనుకుంటున్నాను. ఆయిల్ ఎక్కడి నుంచి కారుతోందో కనిపెట్టడానికి ఇంజన్ అడుగుభాగం డీజిల్‌తో కడిగి, పొడిగుడ్డతో తుడిచి, ఒకరోజు మామూలుగా బండి తిప్పి, రాత్రికి కింద అట్ట పరిచి వదిలేయమన్నాను. పొద్దున్నే అందరూ చేసే పని అట్ట మీద చుక్క ఎక్కడ పడిందో వెతకడం. దానితో పెద్దగా తేలదు. టార్చి వేసి, తడి ఎంత పైనుంచి మొదలైందో చూడాలి. ఇంజన్ పైనున్న ట్యాపెట్ కవర్ ప్యాకింగ్ పోయినా, ఆయిల్ ఫిల్టర్ వదులైనా, ఇంజన్ ఇరుసైన క్రాంక్ వెనక సీలు కారినా ఆయిల్ జారుకుంటూ వచ్చి చివరికి వేలాడేది చాంబర్ (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే పళ్లెం) అంచునే. పరుగులో గాలికి అది వెనక్కి కూడా పాకుతుంది. చాంబర్ అతుకుకు పైన ఇంజన్ బ్లాకు తడిగా ఉంటే చాంబర్ జోలికి పోకండి. ఇంజన్, గేర్‌బాక్స్ కలిసే చోటు నుంచి దిగుతుంటే వెనక సీలును అనుమానించాలి.

బ్లాకు పొడిగా ఉండి, అతుకు చుట్టూ మాత్రమే చెమ్మ ఉంటే ప్యాకింగ్ మారిస్తే సరిపోవచ్చు. డ్రెయిన్ బోల్టు దగ్గరే తడి ఉంటే ముందు కొత్త రాగి వాషర్ వేసి చూడండి. చాలామంది పాత వాషర్‌నే మళ్లీ మళ్లీ బిగించి, కారుతోందని ఇంకా గట్టిగా తిప్పి, మర కొట్టేస్తారు. అప్పుడు ఏడు రూపాయల పనికి ఏడొందలు అవుతుంది. అడుగున పగులు, చిల్లు, లోతుగా పడిన సొట్ట ఉంటేనే ఈ పాఠం మీకు పనికొస్తుంది.

కారడం లేదు కదా అని సొట్టను వదిలేయవద్దు. చాంబర్ లోపల, అడుగుకు కొద్ది ఎత్తులో, ఆయిల్ పంపుకు వెళ్లే గొట్టం చివర జల్లెడ ఉంటుంది. షెడ్డులో దాన్ని స్ట్రెయినర్ అంటారు. రాయి తగిలి అడుగు పైకి లేస్తే ఆ సందు తగ్గిపోతుంది. బొండాంలో గొట్టం అడుగుకు ఆనించి పీలిస్తే నీళ్లు ఎలా రావో, ఇక్కడా అంతే. బయట ఒక్క చుక్క కారదు, డిప్‌స్టిక్‌లో ఆయిల్ నిండుగా చూపిస్తుంది, కానీ డ్యాష్‌బోర్డులో ఆయిల్ ప్రెషర్ ఎర్ర లైటు మినుకుమంటుంది. ఆ లైటుతో ఇంకో ఊరు పోదాంలే అనుకుంటే బేరింగులు పోతాయి, క్రాంక్ గీతలు పడుతుంది. లైటు వెలిగిన చోటే ఇంజన్ ఆపేయాలి.

మీ బండికి తగిలేది ఉప్పా, రాయా?

కొనడానికి వెళ్లేముందు, పాత చాంబర్ ఎందుకు పోయిందో తేల్చుకోండి. మన శ్రీకాకుళం జిల్లాలో దీనికి రెండు దారులున్నాయి. నౌపడ ఉప్పు మళ్ల దగ్గర బస్తాలెత్తే బండ్లు, భావనపాడు, కళింగపట్నం వైపు చేపలు మోసే బండ్లు ఒక రకం. ఐసు కరిగిన ఉప్పునీళ్లు ట్రాలీ సందుల్లోంచి ఛాసిస్ మీదికి, అక్కడి నుంచి ఇంజన్ వైపు చిమ్ముతాయి. ఈ బండ్లలో రేకు చాంబర్ తుప్పుపట్టి పోతుంది. తుప్పు మొదలయ్యేది నట్టనడుమ కాదు, డ్రెయిన్ బోల్టు కోసం వెల్డింగ్ చేసిన బిళ్ల చుట్టూ, రేకు మడతపడిన మూలల్లో. స్క్రూడ్రైవర్ మొనతో అక్కడ మెల్లగా గీకి చూడండి. పెయింట్ పొక్కు కింద రేకు పొరలు పొరలుగా రాలితే దాన్ని అతికించినా నిలవదు. వెల్డింగ్ వేడికి పక్కనున్న పల్చటి రేకు ఇంకో చోట చిల్లుపడుతుంది.

రెండో రకం టెక్కలి చుట్టూ గ్రానైట్ క్వారీలకు తిరిగే బండ్లు, మెళియాపుట్టి, మందస కొండవార ఊళ్లకు వెళ్లేవి. వీటికి తుప్పు కాదు, దెబ్బ. ఇక్కడ చాంబర్ దేనితో చేశారన్నది తేడా తెస్తుంది. రేకు చాంబర్ దెబ్బకు లోపలికి నొక్కుకుంటుంది, మామూలుగా పగలదు. పోతపోసిన అల్యూమినియం చాంబర్ సొట్టపోదు, చిట్లుతుంది. ఒక్కసారి చిట్లితే దారిపొడవునా ఆయిల్ గీత గీసుకుంటూ పోతుంది. పగిలిన అల్యూమినియానికి ఆర్గాన్ వెల్డింగ్ చేసేవాళ్లున్నారు. పగులు అడుగున ఉంటే చేయించుకోవచ్చు. బోల్టులు పట్టే అంచు దాకా పాకితే మాత్రం వద్దు, వేడికి అంచు వంకర తిరుగుతుంది. ఎం-సీల్ రాసి ఇంటికి చేరడం వేరు, దాంతో సీజనంతా నడపడం వేరు.

అలాగని రాళ్లదారి బండికి అల్యూమినియం తీసేసి రేకుది వేద్దామని మీ అంతట మీరు మార్చకండి. కొన్ని ఇంజన్లలో పోత చాంబర్‌కు వెనకవైపు గేర్‌బాక్స్ బోల్టులు కూడా పడతాయి. ఇంజన్, గేర్‌బాక్స్ రెండూ ఒకే దిమ్మలా గట్టిగా ఉండడానికి అది ఆసరా. దాని స్థానంలో రేకు వేస్తే ఆ ఆసరా పోతుంది. కంపెనీ దేనితో ఇచ్చిందో దానితోనే తీసుకోండి. రాయికి జవాబు చాంబర్ లోహం మార్చడంలో లేదు, కింద మంచి గార్డు వేయించడంలో ఉంది. గార్డుకు, చాంబర్‌కు మధ్య వేళ్లు దూరేంత సందు ఉండాలి. నీళ్లు, బురద దిగిపోవడానికి కన్నాలు ఉండాలి. లేకపోతే ఉప్పుబురద దాంట్లోనే నానుతూ, గార్డే చాంబర్‌ను తినేస్తుంది.

కౌంటర్ దగ్గర

శ్రీకాకుళంలోనో, పలాసలోనో స్పేర్ పార్ట్స్ షాపు ముందు నిలబడితే మాట ఇలా నడుస్తుంది.

"బొలెరో చాంబర్ ఒకటి ఇవ్వండన్నా."

"ఏ బొలెరో బాబూ? కారా, పికప్పా?"

"పికప్పే. చాంబర్ ఒకటే కదండీ?"

"ఒకటేటి బాబూ! దానికి మూడు సిలిండర్లు, దీనికి నాలుగు. ఆర్‌సీ తెచ్చినావా?"

ఆయన చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. ఇప్పటి బొలెరో కారులో ఉండేది 1.5 లీటర్ల ఇంజన్, పికప్‌లో 2.5 లీటర్లది. పేరు ఒకటే, ఇంజన్ వేరు. అశోక్ లేలాండ్ దోస్త్‌ది మూడు సిలిండర్లయితే, టాటా డీజిల్ ఏస్‌ది రెండే. ఒకే పేరుతో నడిచే బండిలో కూడా 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 కాలుష్య నిబంధన వచ్చాక భాగాలు మారిన సందర్భాలున్నాయి. ఫోర్ వీల్ డ్రైవ్ బండి అయితే ముందు యాక్సిల్ అడ్డం రాకుండా చాంబర్ గుంట ఉండే చోటు, ఆకారం మారవచ్చు. అందుకే మోడల్ పేరు చెప్పి ఊరుకోకుండా ఆర్‌సీలోని ఛాసిస్ నంబరు, ఇంజన్ నంబరు, తయారైన నెల ఇవ్వండి. కేటలాగులో పార్టు నంబరు వాటి మీదే తేలుతుంది. ఇంకో మాట, కేటలాగులో చాంబర్ అని ఉండదు. ఆయిల్ సంప్ అనో, ఆయిల్ పాన్ అనో ఉంటుంది.

వీలైతే పాత చాంబర్‌ను విప్పి, కడిగి, సంచిలో పెట్టుకుని వెళ్లండి. బండి నడవాలి కాబట్టి విప్పలేకపోతే, కింద పడుకుని కొలతలు రాసుకోండి: పొడవు, వెడల్పు, లోతు, డ్రెయిన్ బోల్టు ఏ వైపు ఉంది, బోల్టులు ఎన్ని. జాకీ ఒక్కదాన్నే నమ్మి కిందికి దూరవద్దని మొదటి పాఠంలోనే చెప్పాను.

కొత్త చాంబర్ చేతికిచ్చాక అందరూ చేసేది పాతదాని మీద బోర్లించి బోల్టు కన్నాలు కలిశాయో లేదో చూడటం. అవి కలుస్తాయి. నకిలీ చేసేవాడు ముందు కొలిచేది వాటినే. మీరు చూడాల్సింది లోతు. అంచుల మీద అడ్డంగా ఒక స్టీలు స్కేలు పెట్టండి. స్ట్రెయినర్ కూర్చునే చోటు మీదుగా ఇంకో స్కేలు నిలువుగా దించి, అడుగు ఎంత దూరంలో ఉందో చదవండి. పాతదాంట్లో అదే చోట, సొట్ట లేని భాగంలో చదవండి. రెండూ సరిపోవాలి. కొత్తది లోతు తక్కువైతే స్ట్రెయినర్ అడుగుకు ఆనుకుంటుంది. ఎక్కువైతే ఆయిల్ తగ్గినప్పుడు స్ట్రెయినర్ ముందుగానే గాలి పీలుస్తుంది, డిప్‌స్టిక్ గీతలూ తప్పు చెబుతాయి. ఎక్కువ ఆయిల్ పడుతుంది కదా, మంచిదే అని అమ్మేవాడు అంటే తల ఊపి పక్కన పెట్టేయండి.

తర్వాత లోపల అడ్డుపలక ఉందా చూడండి. ఘాట్ ఎక్కుతున్నప్పుడు, గట్టిగా బ్రేకు వేసినప్పుడు ఆయిల్ అంతా ఒక పక్కకు పోకుండా ఆపేది అదే. పాతదాంట్లో ఉండి కొత్తదాంట్లో లేకపోతే, ధర ఎందుకు తగ్గిందో అక్కడే తెలిసిపోతుంది. కొన్ని ఇంజన్లలో టర్బో నుంచి ఆయిల్ తిరిగొచ్చే గొట్టం చాంబర్‌కే తగులుతుంది, కొన్నిటిలో సెన్సర్ కన్నం ఉంటుంది. పాతదాని మీద ఉన్న ప్రతి కన్నానికీ కొత్తదాంట్లో జత వెతకండి. డ్రెయిన్ బోల్టును పానా లేకుండా, వేళ్లతోనే చివరిదాకా తిప్పి చూడండి. సగంలో పట్టేస్తే ఆ మర బాగాలేదు.

ప్యాకింగ్ సంగతి కూడా అక్కడే తేల్చుకోవాలి. మీ ఇంజన్‌కు రబ్బరు ప్యాకింగా, కార్కుదా, లేక సిలికాన్ మాత్రమేనా? సిలికాన్‌తో కూర్చోవాల్సిన చాంబర్‌కు మధ్యలో కార్కు దూర్చినా, రబ్బరు ప్యాకింగ్‌కు రెండువైపులా సిలికాన్ పూసినా కారుతుంది. మనవాళ్లకు సిలికాన్ అంటే మహా ప్రేమ, ట్యూబు ఖాళీ అయ్యేదాకా నొక్కుతారు. బయటికి పొంగినది కనిపిస్తుంది, తుడుస్తారు. లోపలికి పొంగినది ముక్కలై ఊడి, నేరుగా స్ట్రెయినర్‌కు అడ్డం పడుతుంది.

పాతది దొరికితే

ప్రమాదంలో పోయిన బండి నుంచి తీసిన కంపెనీ చాంబర్ దొరికితే, నాసిరకం కొత్తదాని కంటే నేను దానికే ఓటు వేస్తాను. కాకపోతే పరీక్ష చేయాలి. అంచును అద్దం ముక్క మీద బోర్లించి, చుట్టూ సన్నని కాగితం దూర్చి చూడండి. ఒకచోట సులువుగా దూరి ఇంకోచోట దూరకపోతే అంచు వంకర. కొద్దిపాటి వంకరైతే, రేకుదాన్ని కర్రదిమ్మ మీద పెట్టి బోల్టు కన్నాల దగ్గర మెల్లగా కొట్టి సరిచేయొచ్చు. పోతదాన్ని కొట్టకూడదు.

కంటికి కనిపించని పగుళ్లకు పాతకాలపు పద్ధతి ఒకటుంది. చాంబర్‌ను శుభ్రంగా కడిగి ఆరబెట్టండి. బయటివైపు సుద్దముక్కను నీళ్లలో అరగదీసి, సున్నం కొట్టినట్టు పల్చగా పూసి ఎండనివ్వండి. లోపల రెండు వేళ్లెత్తు డీజిల్ పోసి, ఇటుకల మీద నిలబెట్టి రాత్రంతా వదిలేయండి. వెంట్రుకంత పగులున్నా పొద్దునకు తెల్లటి సుద్ద మీద నల్లటి గీత తేలుతుంది. డ్రెయిన్ బిళ్ల చుట్టూ గుండ్రంగా తడి కనిపిస్తే వెల్డింగ్ పోయినట్టే.

కొన్నది కొత్తదైనా, పాతదైనా ఎక్కించేముందు డీజిల్‌తో కడగాలి. కాటన్ వేస్టుతో తుడవకండి, నూలుపోగులు లోపలే ఉండిపోతాయి. ఉప్పుదారి బండి అయితే రేకు బయటివైపు ఎపాక్సీ ప్రైమర్, దాని మీద పెయింట్ వేసుకోండి. అంచుకు, లోపలికి పెయింట్ తగలకూడదు.

ఆటోమేటిక్ బండ్ల వాళ్లకు

మన రోడ్ల మీద పికప్పులు దాదాపు అన్నీ మామూలు గేర్లవే. వాటి గేర్‌బాక్స్‌కు అడుగున విప్పే పళ్లెం ఉండదు, పోత పెట్టెలోనే గేర్ ఆయిల్ ఉంటుంది. ఇసుజు వీ-క్రాస్, టొయోటా హైలక్స్‌లలో ఆటోమేటిక్ రకాలకు మాత్రం గేర్‌బాక్స్ కింద వేరే పాన్ ఉంటుంది. దాన్ని ఎంచుకోవడంలో పైన చెప్పిన లోతు లెక్క ఇంకా కచ్చితంగా పాటించాలి, ఎందుకంటే ఫిల్టర్ ఆ పాన్‌లోనే ఉంటుంది. పాన్ అడుగున ఇనుప రజను పట్టే అయస్కాంతాలుంటాయి. పాత పాన్‌తో పాటు వాటిని పారేయకుండా, తుడిచి కొత్తదాంట్లో అదే చోట పెట్టాలి. వాటి మీద బూడిదరంగు పేస్టు ఉంటే మామూలే. గోరుకు తగిలే ఇనుప పెంకులు కనిపిస్తే పాన్ మార్చి లాభం లేదు, గేర్‌బాక్స్ చూపించాలి. ఇందులో ఇంజన్ ఆయిల్ పోయకూడదు, కంపెనీ చెప్పిన ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్) మాత్రమే. పాన్ విప్పినా గేర్‌బాక్స్ ముందుండే టార్క్ కన్వర్టర్‌లో చాలా ఆయిల్ నిలిచిపోతుంది కాబట్టి, కారినది కొలిచి అంతే పోసి, తర్వాత మాన్యువల్‌లో చెప్పిన వేడి దగ్గర లెవెల్ చూసుకోవాలి.

ఈ వారం పని: ఆర్‌సీ చూసి ఛాసిస్, ఇంజన్ నంబర్లు, తయారైన నెల నోటుబుక్కులో ఎక్కించండి. చాంబర్ బొమ్మ గీసి డ్రెయిన్ బోల్టు, కన్నాలు, సొట్టలు గుర్తుపెట్టండి. అది రేకుదో, పోతదో రాయండి. అయస్కాంతం అంటుకుంటే రేకు, అంటకపోతే అల్యూమినియం. వచ్చే పాఠంలో పాతది విప్పడం, స్ట్రెయినర్ కడగడం, బోల్టులను నడుమ నుంచి చివరలకు ఏ వరుసలో బిగించాలన్నది చేద్దాం. దానికి చిన్న టార్క్ రెంచి కావాలి. పెద్ద వీల్ బోల్టులకు వాడేది ఈ సన్న బోల్టులకు పనికిరాదు, ఇప్పటి నుంచే ఎవరి దగ్గరైనా అడిగి ఉంచండి.