సిక్స్‌లైన్ రాస్‌ని ఇంటి రీఫ్ ట్యాంకులో పెంచడం ఎలా?

సిక్స్‌లైన్ రాస్ వేలెడంత సముద్రపు చేప. వంకాయ రంగు ఒంటి మీద తల నుంచి తోక దాకా ఆరు నారింజ గీతలు, ఆకుపచ్చ తోక, ఎర్రటి కన్ను. షాపులో చూసినవాళ్ళు ధర అడక్కుండా బయటికి రాలేరు. నేనూ రాలేకపోయాను. డాలస్ పక్కన మేముండే ఊళ్ళో మొదటి రీఫ్ ట్యాంకు, అంటే పగడాలు పెంచే ఉప్పునీళ్ళ ట్యాంకు, పెట్టుకున్న కొత్తల్లో, క్లౌన్‌ఫిష్ జంట తర్వాత నేను వేసిన మొదటి చేప ఇదే. రెండు నెలలు పోయాక ముచ్చటపడి ఒక ఫైర్‌ఫిష్ తెచ్చాను. తెల్లారేసరికి అది రెక్కలు చిరిగి, నీళ్ళు సంప్‌లోకి, అంటే కింద ఫిల్టరు ఉండే తొట్టిలోకి, దిగే ఓవర్‌ఫ్లో పెట్టెలో నక్కి ఉంది. తీసి ట్యాంకులో వేస్తే పది నిమిషాల్లో మళ్ళీ అక్కడికే. మూడో రోజు సోఫా కింద ఎండిపోయి దొరికింది.

అప్పుడు సిక్స్‌లైన్‌ని బాగా తిట్టుకున్నాను. తర్వాత ఆలోచిస్తే, తప్పంతా నేను చేపల్ని ఎంచుకున్న తీరులో, వేసిన వరసలో ఉంది. ఈ చేపని పెంచడంలో నీళ్ళూ తిండీ తేలిక. కష్టమైనదల్లా ఎప్పుడు వెయ్యాలి, ఎవరితో వెయ్యాలి అన్నదే.

మొదటి పని: ట్యాంకులో ఎవరెవరు ఉంటారో కాగితం మీద రాసుకోండి

దీని శాస్త్రీయ నామం సూడోకైలినస్ హెక్సాటీనియా. బటేవియాలో, అంటే ఇప్పటి జకార్తాలో, డచ్చి సైన్యంలో డాక్టరుగా పనిచేసిన పీటర్ బ్లీకర్ 1857లో దీన్ని వర్ణించి హెక్సాటీనియా అని పేరు పెట్టాడు. ఎర్ర సముద్రం, తూర్పు ఆఫ్రికా తీరం మొదలుకుని పసిఫిక్ మధ్య దీవుల దాకా, కొమ్మలు కొమ్మలుగా పెరిగే పగడాల సందుల్లో ఉంటుంది. పెరిగితే 10 సెంటీమీటర్లు, ట్యాంకుల్లో చాలావరకు 7-8 దగ్గరే ఆగిపోతుంది. పొద్దున్న లేచింది మొదలు సందు సందుకీ దూరి, రాళ్ళ మీది సన్న పురుగుల్ని ఏరుకుంటూ తిరుగుతుంది. ఆ రాళ్ళే దాని పొలం. అదే సైజులో, అదే తిండి తినే ఇంకో చేప వచ్చిందంటే దానికది గట్టు తగాదా.

ఎవరితో పడదో ఈ లెక్కన తేలిగ్గా చెప్పొచ్చు. ఇంకో సిక్స్‌లైన్‌తో అస్సలు పడదు. ఫెయిరీ రాస్, ఫ్లాషర్ రాస్, పోసమ్ రాస్ లాంటి నెమ్మదస్తుల్ని, ఫైర్‌ఫిష్‌ని, చిన్న గోబీల్ని బతకనివ్వదు. రాయల్ గ్రామా అయితే రెండూ మొండివే, రోజూ గొడవే. మాండరిన్ చేపని కొట్టకపోవచ్చు గానీ, అది బతికేది కోపెపాడ్స్ అనే సన్న పురుగుల మీద. అవన్నీ సిక్స్‌లైన్ ముందే ఏరుకు తినేస్తే మాండరిన్ కడుపు వీపుకి అంటుకుపోతుంది. క్లౌన్‌ఫిష్, టాంగ్‌లు, ఫాక్స్‌ఫేస్, డ్వార్ఫ్ ఏంజెల్ లాంటివాటితో మాత్రం సర్దుకుపోతుంది. అవి దీనికంటే పెద్దవి, లేదా దీని పొలానికి అడ్డురానివి.

ఈ జాబితా చూసి మీ మనసు ఫైర్‌ఫిష్ మీదో ఫెయిరీ రాస్ మీదో ఉందని తేలితే, సిక్స్‌లైన్ ఆలోచన ఇక్కడే మానెయ్యండి. రెండూ కావాలంటే రెండు ట్యాంకులు కావాలి.

రెండో పని: ట్యాంకు సిద్ధం చేయడం

కనీసం 115 లీటర్లు, అంటే 30 గ్యాలన్లు ఉండాలి. పక్కన వేరే చిన్న చేపలు ఉంటాయంటే 200 లీటర్లు దాటితేనే నయం. చిన్న ట్యాంకులో దీని కళ్ళబడకుండా తిరిగే మూల ఒక్కటి కూడా మిగలదు. ఉప్పు 35 పీపీటీ (వెయ్యికి 35 వంతులు), అంటే సాంద్రత 1.025 దగ్గర. వేడి 24 నుంచి 26 డిగ్రీల సెల్సియస్, పీహెచ్ 8.1 నుంచి 8.4. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా. కొత్త ట్యాంకు ఈ స్థితికి రావడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. సిక్స్‌లైన్‌కి ఇంకా ఆగితే మంచిది. మూణ్నాలుగు నెలలయ్యేసరికి రాళ్ళ మీద కోపెపాడ్స్ పెరుగుతాయి, రాగానే తినడానికి ఏదో ఒకటి దొరుకుతుంది.

రాళ్ళని గోడ కట్టినట్టు ఒకే కుప్పగా పేర్చకండి. రెండు మూడు విడి కుప్పలుగా, మధ్యలో గుహల్లాంటి సందులు వదిలి పేరిస్తే, తరిమించుకున్న చేపకి మలుపు తిరిగి దాక్కునే చోటు దొరుకుతుంది. ఇండియాలో ఉన్నవాళ్ళు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. రాతి పగడాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద షెడ్యూల్ 1లో, అంటే గట్టి రక్షణ ఉన్న జాబితాలో, ఉన్నాయి. 2001లోనే వాటిని అందులో చేర్చారు. కాబట్టి సముద్రంలోంచి తీసిన పగడపు రాయి ఎవరైనా చవగ్గా ఇస్తామంటే ఆశపడకండి. తయారుచేసిన సెరామిక్ రాయి వాడుకోండి, ఈ చేపకి కావాల్సింది సందులే. హైదరాబాద్, విజయవాడ ఎండలకి నీళ్ళు చల్లబరిచే చిల్లర్ లేకుండా మొదలుపెట్టడం కూడా దండగ ఖర్చు.

ఇసుక ఎంత మందం అని చాలామంది అడుగుతారు. కొన్ని రాస్‌లు ఇసుకలో పూడుకుని పడుకుంటాయి గానీ ఇది పడుకోదు. మందం మీ ఇష్టం.

మూత మాత్రం తప్పనిసరి. భయపడితే ఈ చేప బాణంలా ఎగురుతుంది, ఒళ్ళు సన్నం కాబట్టి వైరు దూరే సందు చాలు. 6 మిల్లీమీటర్ల గళ్ళున్న మెష్‌ని ఫ్రేముకి బిగించి మూత చేసుకోండి. పైపులు దిగే మూలల్ని కూడా మూసెయ్యండి. మా ఫైర్‌ఫిష్ పోయింది ఆ మూలలోంచే.

కరెంటు పోతే ఏం చేస్తారో కూడా ఇప్పుడే అనుకోండి. 2021 ఫిబ్రవరిలో టెక్సస్ మంచు తుపాను వచ్చినప్పుడు మా ఇంట్లో కరెంటూ లేదు, హీటరూ లేదు. బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి, గ్యాస్ పొయ్యి మీద కాచి సీసాల్లో పోసి ట్యాంకులో తేలేసిన వేడినీళ్ళు, ఈ రెండే ట్యాంకుని కాపాడాయి.

మూడో పని: షాపులో చూసి కొనడం

చిన్నదాన్ని ఎంచుకోండి, 4-5 సెంటీమీటర్లది. పొట్ట లోపలికి పోయి ఉండకూడదు. ఒక మూల ఆయాసపడుతూ నిలబడ్డదాన్ని వదిలెయ్యండి. ఆరోగ్యంగా ఉన్న సిక్స్‌లైన్ ఒక్కచోట నిలవదు, మీరు వంగి చూస్తే అదీ ఒక కన్ను తిప్పి మిమ్మల్ని చూస్తుంది. ఆ కంటిని దగ్గర్నుంచి చూడండి, లోపల రెండు పాపలున్నట్టు అనిపిస్తుంది. కంటి పైపొర రెండు భాగాలుగా ఉండటం వల్ల అలా కనిపిస్తుంది. దగ్గరి వస్తువుకి అది భూతద్దంలా పనికొస్తుందంటారు. మనకి ఇసుకరేణువంత పురుగు కూడా కనిపించనిచోట అది టక్కున పొడిచి తింటుంటే నమ్మాలనిపిస్తుంది.

డబ్బు కట్టేముందు రెండు పనులు చేయండి. మీ ఎదురుగా దానికి తిండి వేయమనండి. వాళ్ళ నీళ్ళ ఉప్పు ఎంతో అడగండి. చాలా షాపుల్లో ఉప్పు తక్కువగా, 1.020 దగ్గర ఉంచుతారు. అక్కణ్ణుంచి నేరుగా 1.025లోకి దింపితే చేప తట్టుకోలేదు.

నాలుగో పని: నాలుగు వారాలు విడిగా

మామూలు గాజు తొట్టి, స్పాంజి ఫిల్టరు, హీటరు, రెండు మూడు పీవీసీ పైపు ముక్కలు చాలు. పైపు ముక్కలు పడక గదులు, అవి లేకపోతే రాత్రంతా కంగారుపడుతుంది. తొట్టి ఉప్పుని షాపు సంచిలో ఉన్నదానికి సరిపెట్టి, తర్వాత రోజుకి 0.001 చొప్పున పెంచుకుంటూ పోండి. ఒంటి మీద తెల్లచుక్కలు, మొప్పలు వేగంగా ఆడటం, పైపు ముక్కలకి ఒళ్ళు రాసుకోవడం లాంటివి కనిపిస్తాయేమో రోజూ చూస్తుండండి. ఈ నాలుగు వారాలూ విసుగే. కానీ రీఫ్ ట్యాంకులోకి ఈ తెల్లచుక్కల జబ్బు వచ్చాక అందులో మందు వేయలేం, పగడాలూ రొయ్యలూ పోతాయి.

భీమవరం దగ్గర రొయ్యల చెరువులు చేసే మా బాబాయి వీడియో కాల్‌లో ఇదంతా చూసి, "ఒరేయ్, ఎకరం చెరువుకి లేని హంగామా ఒక్క చేపకా?" అని నవ్వాడు. నేను ఊరుకోలేదు. "నువ్వు రొయ్య పిల్లల సీడ్ తెచ్చాక సంచులు చెరువులో తేలేసి కూర్చోవా బాబాయ్? ఇదీ అంతే" అన్నాను. నిజానికి ఈ పని నేర్చుకున్నది ఆయన గట్టు మీదే. సంచిని పదిహేను, ఇరవై నిమిషాలు తేలేసి వేడి సమానం చేయడం, తర్వాత సన్నటి ట్యూబు ముడేసి చుక్కచుక్కగా ట్యాంకు నీళ్ళు కలపడం. ముప్పావుగంట చాలు. చివర్లో చేపని మాత్రం తీసుకుని, సంచిలో నీళ్ళు పారబోయండి.

ఐదో పని: అందరికంటే ఆఖర్న వదలడం

మిగతా చేపలన్నీ వచ్చి, వాటి వాటి మూలలు పంచుకుని, తిండికి అలవాటుపడ్డాకే సిక్స్‌లైన్ రావాలి. అప్పుడు అది కాపురానికి వచ్చిన కొత్త కోడలు, ముందు రెణ్ణెల్లు అణకువగానే ఉంటుంది. అదే ముందు వచ్చిందంటే అత్తగారైపోతుంది.

లైట్లు తగ్గించి, సాయంత్రం పూట వదలండి. వదిలిన క్షణంలో మాయమైపోతుంది. మూడు రోజులు, ఒక్కోసారి వారం కూడా కనిపించకపోవచ్చు. టెన్షన్ పడి రాళ్ళు కదిపి వెతక్కండి, రాళ్ళ మీద పురుగులు తింటూ అక్కడే ఎక్కడో ఉంటుంది.

తిండి

రోజుకి రెండుసార్లు, ఒక్కో చిటికెడు. ఫ్రోజెన్ మైసిస్ (రొయ్యలాంటి సన్న జీవి), ఆర్టీమియా, సన్నగా తరిగిన పచ్చి రొయ్య, సన్న పెల్లెట్లు మార్చి మార్చి వేయండి. ఈ ఆర్టీమియా కోస్తా వాళ్ళకి కొత్త కాదు, రొయ్యల హేచరీల్లో పిల్లలకి పెట్టేది అదే. ఆకలితో ఉన్న సిక్స్‌లైన్‌కి కోపం ఎక్కువ, కాబట్టి ఒకేసారి బోలెడు వేసే కంటే కొంచెం కొంచెంగా వేయడమే మేలు.

పురుగుల్ని తింటుందని చెప్పి దీన్ని చాలామంది కొనిపిస్తారు. నత్తల్నీ క్లామ్‌లనీ (ఆల్చిప్పల్లాంటివి) పీల్చే పిరమిడెల్లిడ్ అనే బుల్లి నత్తల్ని తింటుంది, సన్న బ్రిసిల్ వార్మ్‌లని (ఒంటి మీద ముళ్ళుండే పురుగులు) తింటుంది, ఎర్ర ఫ్లాట్‌వార్మ్‌లని కొన్ని తింటాయి, కొన్ని ముట్టుకోవు. నన్నడిగితే ఇది మందుసీసా కింద కొనాల్సిన చేప కాదు. పగడాల జోలికి పోదు గానీ, బుల్లి రొయ్యల్ని మాత్రం నమ్మి వదలకండి, గుల్ల విడిచిన రోజున అసలే వదలకండి.

తర్వాత కొత్త చేప వస్తే

ఆఖర్న వేయమన్నాను గానీ, ఇంకో చేప ఎప్పుడో ఒకప్పుడు రాకపోదు. గళ్ళున్న పారదర్శక అక్రిలిక్ పెట్టె ఒకటి కొని ట్యాంకు లోపలి గోడకి తగిలించండి. కొత్త చేపని అందులో నాలుగైదు రోజులు ఉంచండి. మొదటి రోజు సిక్స్‌లైన్ ఆ పెట్టె చుట్టూ తిరుగుతూ దాన్ని ముక్కుతో పొడుస్తుంది. తిండి వేసినా వదలదు. మూడో రోజుకి చాలావరకు విసుగొచ్చి తన పొలానికి పోతుంది. అప్పుడు రెండు మూడు రాళ్ళు స్థలం మార్చి, గట్లు చెరిపేసి, లైట్లు ఆర్పి కొత్తదాన్ని వదలండి. ఇంకా తరుముతుంటే బయటి గాజుకి చిన్న అద్దం ఆనించి చూడండి. అందులో కనిపించే తనతోనే గొడవ పెట్టుకుని, కొత్తదాన్ని కాసేపు మర్చిపోతుంది. ఐదో రోజు కూడా పెట్టె వదలకుండా పొడుస్తుంటే కొత్త చేపని వెనక్కి ఇచ్చెయ్యండి. తర్వాత మారుతుందిలే అనుకుని నేను ఒకసారి మోసపోయాను.

పట్టి బయటికి తీయాల్సి వస్తే

వలతో పట్టలేరు. వల నీళ్ళలో ముంచిన క్షణాన అది రాళ్ళలో ఉంటుంది. ప్లాస్టిక్ సీసా మెడ కోసి తిరగేసి లోపలికి దూర్చండి, అడుగున మైసిస్ పెట్టండి. కాలవల్లో చేపలకి పెట్టే వెదురు బుట్ట లెక్కే, లోపలికి దారి తెలుస్తుంది, బయటికి తెలియదు. తెలివైనది కాబట్టి రెండు మూడు రోజులు ఖాళీ సీసాలోనే తిండి పెట్టి అలవాటు చేయాలి.

నాకు అదీ పనిచేయలేదు. రాత్రి లైట్లు ఆరిన రెండు గంటలకి ఎర్ర కాగితం చుట్టిన టార్చితో వెతికాను. ఒక రాతి సందులో, తన జిగురుతో తానే అల్లుకున్న తెరలో పడుకుని ఉంది. పాల మీద మీగడలాంటి పల్చటి సంచి, దాని మీద ఇసుక రేణువులు అంటుకుని ఉన్నాయి, లోపల గీతలు వెలిసిపోయినట్టు కనిపిస్తున్నాయి. ఇలాంటి తెర చిలుక చేపలూ అల్లుకుంటాయి. రాత్రిపూట రక్తం పీల్చే పురుగులకి అది దోమతెరలా అడ్డుపడుతుందని 2010లో ఆస్ట్రేలియా పరిశోధకులు తేల్చారు. ఆ రాయిని రెండు చేతులా మెల్లగా ఎత్తి, ట్యాంకు నీళ్ళే పోసి పెట్టుకున్న బకెట్లో దింపాను. తెర చినిగింది, చేప రాయిలోంచి బయటికొచ్చి బకెట్ చుట్టూ ఒక రౌండు కొట్టి, మళ్ళీ అదే సందులోకి దూరింది. తెల్లారాక బకెట్‌తో సహా షాపుకి తీసుకెళ్ళి ఇచ్చేశాను. రాయి మాత్రం ఇంటికి తెచ్చుకున్నాను.