పూడిపోయిన పాత కుంటలో మళ్లీ చేపలు పెంచాలంటే

పొలంలో ఎప్పుడో తవ్విన కుంట ఉండి అది ఇప్పుడు సగం బురద సగం తుంగ అయిపోయిందా, అయితే ముందు ఒక మాట, జేసీబీకి అప్పుడే ఫోన్ కొట్టకండి. చాలామంది ఎండాకాలం కుంట ఎండగానే మిషన్ దింపి ఎంత లోతు పోతే అంత మంచిదనుకుని తవ్విస్తారు, వానలకి కుంట నిండుతుంది, అందరూ సంతోషపడతారు, దసరా దాటేసరికి మోకాలు లోతు కూడా మిగలదు. ఎందుకంటే ఇన్నేళ్లు నీళ్లు పట్టి ఉంచింది అడుగున ఉన్న జిగట మట్టి పొర, పూడికతో పాటు దాన్ని కూడా గీకేసి కింద మొరం తేల్చేశారు. పూడిక తియ్యడం వేరు, లోతు తవ్వడం వేరు. చేపలకి బావి అక్కర్లేదు, ఐదారు అడుగుల నీళ్లు ఎనిమిది నెలలు నిలిస్తే చాలు.

ఇంకోటి, కుంట మీ పట్టా భూమిలోదేనా లేక శిఖం (చెరువు నీళ్లు నిలిచే భూమి) కింద ఉందా అనేది పాస్‌బుక్కులో, గ్రామ రికార్డుల్లో చూసుకోండి. శిఖం భూమి అయితే ఇరిగేషన్ వాళ్ల పర్మిషన్ కావాలి, ఊరి చెరువు లాంటిదైతే చేపల మీద హక్కు మత్స్య సహకార సంఘానికి ఉండొచ్చు, వాళ్లతో మాట్లాడకుండా దిగితే గొడవలే. కింద చెప్పేదంతా సొంత పొలంలో పది ఇరవై గుంటల కుంట గురించి.

ఏప్రిల్‌లో నీళ్లు బాగా తగ్గాక గడ్డపార పట్టుకుని కుంటలో ఐదారు చోట్ల చిన్న గుంతలు తీసి చూడండి. పైన మెత్తగా నల్లగా ఉండి కుళ్లు వాసన కొట్టేది పూడిక. దాని కింద గట్టిగా బూడిద రంగులోనో నలుపులోనో వచ్చేది జిగట మట్టి, ఇంకా కిందకి పోతే పసుపు ఎరుపు కలిసిన మొరం తగులుతుంది. ఆ మధ్య పొర ఎంత మందం ఉందో ప్రతి గుంతలో కొలిచి రాసుకోండి, ఒక మూల అడుగున్నర ఉంటే ఇంకో మూల జానెడే ఉండొచ్చు. అది జిగట మట్టేనా అని డౌట్ వస్తే కొంచెం తడిపి ముద్ద చేసి నడుము ఎత్తు నుంచి వదలండి, పగలకుండా చదునుగా అణిగితే మంచి మట్టి, పొడిపొడి అయితే అందులో ఇసక ఎక్కువ. ఇంకో టెస్ట్, ఆ గుంతల్లో సాయంత్రం నీళ్లు నింపి పొద్దున చూడండి, ఎక్కడ ఇంకిపోయిందో అక్కడ మిషన్ బకెట్ అస్సలు ఆనొద్దు.

ఇప్పుడు లెక్క. ఇరవై గుంటల కుంట అంటే అర ఎకరం, 21,780 చదరపు అడుగులు, రెండడుగుల పూడిక ఉంటే 43,560 ఘనపు అడుగుల మట్టి. ట్రాలీకి వంద ఘనపు అడుగులు వేసుకున్నా 435 ట్రిప్పులు. అందుకే పని మొదలుపెట్టక ముందే ఈ మట్టి ఎక్కడికి పోవాలో తేల్చుకోవాలి, లేకపోతే డ్రైవర్ గట్టు పక్కనే కుప్ప పోసేస్తాడు, మొదటి పెద్ద వానకి అదంతా మళ్లీ కుంటలోకే. నిజానికి ఈ పూడిక మీ చేలలోంచి ఏళ్ల తరబడి కొట్టుకొచ్చిన పైమట్టే, దాన్ని తిరిగి చేనుకి తోలుకోవడం కన్నా మంచి పని లేదు. ఎర్ర చల్కాలకి, దుబ్బ నేలలకి చాలా ఉపయోగం, తేమ ఎక్కువ రోజులు పట్టుకుంటుంది. ఒక కిలో శాంపిల్ భూసార పరీక్ష ల్యాబ్‌కి ఇచ్చి పీహెచ్, ఉప్పు శాతం చూపించుకుని వేసుకోండి, చౌడు ఉన్న పూడికైతే చేనుకి వద్దు. తెలంగాణలో చెరువుల పూడిక తీసిన మిషన్ కాకతీయ టైంలో చెరువు మట్టి తోలుకున్న రైతులు మీ ఊళ్లో ఉంటారు, ఏ నేలకి ఎట్లా పనిచేసిందో వాళ్లని అడగండి.

తవ్వేటప్పుడు దగ్గరుండాలి. పూడిక మొత్తం తియ్యకండి, అడుగున నాలుగైదు అంగుళాలు మెత్తటి మట్టి వదిలితేనే చేపల మేత అయిన పురుగులు, నాచు పుడతాయి. అంచుల్లో మాత్రం లోతు చెయ్యాలి, రెండడుగుల లోపు నీళ్లు నిలిచే చోటే తుంగ, జమ్ము లేస్తాయి. గట్టు లోపలి వాలు ఒక అడుగు ఎత్తుకి రెండడుగులు పడేలా ఉండాలి, నిటారుగా కోస్తే గట్టు కూలుతుంది, మనిషి పడితే ఎక్కి రాలేడు. జిగట పొర మందంగా ఉన్న మూలలో రెండు మూడు గుంటల మేర ఇంకో రెండడుగులు దించండి, ఎండాకాలం చేపలన్నీ అక్కడికే చేరతాయి, వల వెయ్యడానికి కూడా అదే ఈజీ. మీది ప్లాస్టిక్ షీట్ వేసిన ఫారం పాండ్ అయితే మిషన్ మాట మర్చిపోండి, ముందుగా నీళ్లు తోడేసి పారలు, తట్టలతో మనుషులే తియ్యాలి, అది కూడా చెప్పుల్లేకుండా జాగ్రత్తగా.

ఇప్పటికే కారే కుంట అయితే దమ్ము చెయ్యడమే మందు. నీళ్లు ఇంకిపోయే చోట రెండు మూడు ట్రాలీల జిగట మట్టి పరిచి, పశువుల పేడ కలిపి, జానెడు నీళ్లు పెట్టి, వరి మడికి చేసినట్టే ట్రాక్టర్‌కి కేజ్ వీల్స్ కట్టి బాగా తొక్కించండి. ఆ తర్వాత దాన్ని పూర్తిగా ఎండి పగుళ్లు రానివ్వద్దు.

గట్టు మీద సర్కారు తుమ్మ ఉంటే వేర్లతో సహా పీకి, ఆ గుంతలో మట్టి పోసి దిమ్మిసతో గట్టిగా కొట్టండి, పైన కొట్టి వదిలేస్తే లోపల వేరు కుళ్లి అదే నీళ్లకి దారి అవుతుంది. ఎండ్రకాయ బొక్కలు, ఎలుక బొక్కలు కూడా అంతే, తవ్వి పూడ్చాలి. గట్టంతా గరిక పట్టనివ్వండి. నీళ్లు లోపలికి వచ్చే చోట కుంటకి ముందే పదడుగుల గుంత ఒకటి తియ్యండి, వచ్చే మట్టి అందులో ఆగుతుంది, ఏటా ఆ ఒక్క గుంత ఎత్తేస్తే కుంట అంత తొందరగా పూడదు. మత్తడి (నిండాక నీళ్లు పొర్లిపోయే చోటు) దగ్గర, నీళ్లు వచ్చే దారిలో సన్న జాలీ తప్పనిసరి, లేకపోతే వరదకి మీ చేపలు బయటికి, వాలుగలు లోపలికి. పై చేను పత్తిది అయితే మందు కొట్టిన రెండు మూడు రోజుల్లో పడే వాన నీళ్లు కుంటలోకి రాకుండా పక్కకి మళ్లించుకునే కాలువ పెట్టుకోండి, స్ప్రే ట్యాంకు కుంటలో కడగడం మాత్రం ఎవర్నీ చెయ్యనివ్వద్దు, కొన్ని పురుగు మందులు చుక్కలతోనే చేపల్ని చంపేస్తాయి.

కుంట పూర్తిగా ఎండి పగుళ్లిస్తే పాత చేపల బెడద ఉండదు. మడుగు మిగిలితే మాత్రం అందులో కొర్రమీను, జెల్ల, వాలుగ దాక్కుని ఉంటాయి, మీరు వేసే పిల్లలన్నీ వాటికి విందే. వాటిని చంపడానికి ఇప్ప చెక్క (ఇప్ప గింజల నూనె తీశాక మిగిలే పిండి) వాడండి, ఎకరం వెడల్పు మీటర్ లోతు నీటికి 800 నుంచి 1000 కిలోలు లెక్క, అందుకే నీళ్లు అతి తక్కువ ఉన్నప్పుడే చెయ్యాలి, ఐదు గుంటల్లో అడుగు నీళ్లు ఉంటే 40 కిలోల లోపే సరిపోతుంది. రాత్రి నానబెట్టి పొద్దున చల్లండి. దాని విషం రెండు మూడు వారాల్లో విరిగిపోయి తర్వాత ఎరువుగా పనికొస్తుంది. పురుగు మందు పోసి చేపలు పట్టే పద్ధతి కొన్ని చోట్ల ఉంది, దయచేసి ఆ జోలికి పోవద్దు, ఆ నీళ్లు పశువులు తాగుతాయి.

సున్నం విషయంలో ఎవరో చెప్పారని గుడ్డిగా కొట్టకండి. ఎర్ర నేల, పీహెచ్ ఏడు దగ్గర్లో ఉంటే ఎకరానికి వంద కిలోల వ్యవసాయ సున్నం అడుగంతా చల్లొచ్చు, అంతకన్నా తక్కువుంటే పెంచాలి. రేగడి నేల చాలా చోట్ల ముందే ఎనిమిది పైన ఉంటుంది, దానికి అవసరం ఉండదు. సున్నం వేసిన వారం తర్వాత పచ్చి పేడ ఎకరానికి ఒక టన్ను దాకా వేసి నీళ్లు ఎక్కనివ్వండి. పది పదిహేను రోజుల్లో నీళ్లు లేత పచ్చగా మారతాయి. చెయ్యి నిటారుగా ముంచితే మోచేయి దాకా మునిగాక అరచేయి కనపడకుండా పోవాలి, అదీ సరైన పచ్చదనం. ఇంకా పైనే మాయమైతే ఎరువు ఎక్కువైంది, భుజం దాకా ముంచినా వేళ్లు కనిపిస్తే ఇంకొంచెం పేడ పడాలి. బురద రంగుతో కనపడకపోతే అది లెక్కలోకి రాదు.

చేప పిల్లలు జులై ఆగస్టులో వెయ్యండి. నాలుగు అంగుళాలు ఉన్నవే కొనండి, రేటు ఎక్కువైనా సరే, చిన్నవి వేస్తే పాములకి, నీటి కాకులకి పోగా మిగిలేది తక్కువ. మేత వేసేట్టయితే ఎకరానికి రెండు వేలు, పేడ మీదే నడిపితే వెయ్యి చాలు. పదింట్లో నాలుగు బొచ్చె, మూడు రవ్వు, మూడు మ్రిగాల, బొచ్చె పైన తింటుంది, రవ్వు మధ్యలో, మ్రిగాల అడుగున, ఒకదాని తిండికి ఇంకోటి అడ్డం రాదు. గడ్డి ఎక్కువుంటే వాటిలో కొన్ని తగ్గించి వందకి ఐదు గడ్డి చేపలు పెట్టండి. ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ ఎవరు అంటగట్టినా తీసుకోవద్దు, మన దేశంలో దాని పెంపకం నిషేధం. కైకలూరు వైపు నుంచి వచ్చే సీడు (చేప పిల్లలు) అయినా పక్క ఊరి నర్సరీదైనా ప్యాకెట్లని పొద్దున్నే ఇరవై నిమిషాలు కుంట నీళ్ల మీద తేలనిచ్చి, మూతి విప్పి కొంచెం కొంచెం కుంట నీళ్లు కలిపి, వాటంతట అవే బయటికి పోనివ్వండి.

మేతకి తవుడు, వేరుశనగ చెక్క కలిపి చిల్లులు పెట్టిన సంచుల్లో పోసి కర్రలకి కట్టండి, కొల్లేరు వైపు రైతులు చేసేది అదే, చేప వచ్చి గుద్దుకుని తింటుంది, వేస్ట్ తక్కువ. చేపల మొత్తం బరువులో రోజుకి వందకి రెండు మూడు వంతులు. సాయంత్రానికి సంచిలో మిగిలిందంటే రేపు తగ్గించండి. ముసురు పట్టిన రోజుల్లో మేత, పేడ రెండూ ఆపెయ్యాలి. తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయంటే గాలి అందట్లేదు, వెంటనే బోరు ఆన్ చేసి నీళ్లు ఎత్తు నుంచి పడేలా పెట్టండి.

కుంట చుట్టూ కంచె వెయ్యండి, ఒక వైపు మెట్లు, గట్టు మీద గుంజకి తాడు కట్టిన ట్యూబు ఎప్పుడూ ఉండాలి. ఫారం పాండ్లలో పిల్లలు పడి చనిపోతున్న వార్తలు ఏటా చదువుతూనే ఉన్నాం, చేపల మీద పెట్టే ఖర్చులో ఇది ఎంత.

పట్టడం ఒకేసారి పెట్టుకోకండి. ఫిబ్రవరి నుంచి నీళ్లు తగ్గేకొద్దీ కిలో దాటినవి ఏరి అమ్ముకుంటూ పోతే మిగతావి తొందరగా ఎదుగుతాయి. నీళ్లు నిలిచే కుంటైతే కొన్నిటిని లోతు మూలలో మృగశిర కార్తె దాకా ఆపండి, జూన్ 8 దగ్గర్లో తెలంగాణలో చేప తినని ఇల్లు తక్కువ, ఆ రెండు రోజులు హైదరాబాద్ రామ్‌నగర్ చేపల మార్కెట్ దాకా పోనక్కర్లేదు, కుంట గట్టు మీదే ఊరివాళ్లు కొనుక్కుపోతారు. ముందు రోజే ఊళ్లో చెప్పి పెట్టండి, ఐసు తెప్పించండి, వల పొద్దు పొడవక ముందే వెయ్యండి.