గట్టి డబ్బాలో పెట్టినా బూజు ఎందుకు పడుతుంది? మిక్సీ, గ్రైండర్ సామాన్ల పెట్టెల సమస్యలు - పరిష్కారాలు

మిక్సీలు, గ్రైండర్లు, వాషింగ్ మెషీన్లు బాగుచేయడం నా పని. వాటితో వచ్చే విడిభాగాలు, మాన్యువళ్లు దాచుకోవడానికి పెట్టెలు కూడా చేసి ఇస్తుంటాను. పెట్టె పనికిరావడం లేదని వచ్చేవాళ్లలో ఎక్కువమంది కొత్త పెట్టె అడుగుతారు, పాతదానిలో ఏం జరిగిందో చూసి రారు. దయచేసి ముందు ఈ ఒక్క పని చేయండి. లోపల ఉన్నదంతా మంచం మీద పరిచి, ఒక్కొక్కటీ చేత్తో పట్టుకుని చూడండి. కాగితం మెత్తగా, చల్లగా తగులుతోందా? జార్ మూత గ్యాస్కెట్ గాడిలో నీళ్లున్నాయా? ఏదైనా బుక్‌లెట్ సరిగ్గా మధ్య పేజీలో తెరిచి, అక్కడున్న పిన్నులు చూడండి. పిన్ను చుట్టూ గోధుమరంగు మరక మొదలైందంటే చెమ్మ చేరి చాలా రోజులైందని అర్థం. బూజు కంటికి కనబడడానికి, వాసన రావడానికి ముందే చాలాసార్లు ఆ మరక కనిపిస్తుంది. ఇది చూడకుండా పెట్టె మార్చితే కొత్త దానిలోనూ అదే జరుగుతుంది.

సమస్య: ఏ ముక్క దేనిదో తెలియదు, కావలసింది దొరకదు

దొరకనిది చాలాసార్లు పెట్టెలోకి అసలు చేరి ఉండదు. మెషీన్ వచ్చిన అట్టపెట్టెలో పైన ఉండే థర్మాకోల్ గుంటల్లోనే ఉండిపోతుంది. అట్టపెట్టెను పాత సామాన్లవాడికి వేసేముందు ఆ గుంటలన్నీ వేలితో తడిమి చూడండి. మాన్యువల్ మొదటి పేజీల్లో విడిభాగాల బొమ్మలుంటాయి, వాటితో సరిచూసుకోండి. ఫ్రంట్ లోడ్ వాషింగ్ మెషీన్ వెనక బిగించి వచ్చే పొడవాటి బోల్టులు మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ పారేయొద్దు. ఇల్లు మారేటప్పుడు అవి బిగించకుండా బండెక్కిస్తే డ్రమ్ము ఊగి స్ప్రింగులు, షాకబ్జార్బర్లు దెబ్బతింటాయి.

పెట్టె మీద పేరు మూతకి రాయకండి. మూతలు తారుమారవుతాయి. డబ్బా పక్కన, పర్మనెంట్ మార్కర్‌తో, మెషీన్ పేరూ మోడల్ నంబరూ కొన్న నెలా రాయండి. కాగితం స్టిక్కర్లు మన వానాకాలంలో ఊడిపోతాయి. మోడల్ నంబరు మెషీన్ అడుగునో వెనకో ఉంటుంది, దాన్ని ఫోన్‌లో ఫోటో తీసిపెట్టుకోండి.

కొలతల్లో కూడా ఒక పొరపాటు తరచూ చూస్తుంటాను. మాన్యువళ్లు ఎక్కువగా ఏ5 సైజు, అంటే సుమారు ఆరంగుళాలకి ఎనిమిదిన్నర. కొన్ని ఏ4. వాటిని అడుగున పడుకోబెట్టి పైన జార్లు పేరిస్తే అడుగునున్నది ఎవరూ తీయరు, వంగిపోతుంది, గాలి తగలదు. నిలువుగా నిలబెట్టండి. పైన రెండు వేళ్లు పట్టేంత ఖాళీ వదలండి.

సమస్య: బిల్లు తెల్లకాగితం అయిపోయింది

షాపు బిల్లులో ఇంకు ఉండదు. వేడి తగిలితే నల్లబడే పూత ఉంటుంది. వెలుతురు, వేడి, ప్లాస్టిక్ కవర్లలో ఉండే నూనెలాంటి పదార్థం, సెల్లో టేపు జిగురు, ఇవన్నీ ఆ అక్షరాలను చెరిపేస్తాయి. జాగ్రత్త అనుకుని లామినేషన్ చేయిస్తే ఆ వేడికి బిల్లంతా నల్లగా మారుతుంది. పోయిన అక్షరాలను తిరిగి తెప్పించడం చాలా కష్టం. కొన్న రోజే ఫోటో తీయండి, ఒక జిరాక్స్ తీయించి వారంటీ కార్డుకి జతచేయండి.

సమస్య: గాలి చొరని డబ్బాలోనే బూజు, తుప్పు

నాకు ఎక్కువ తలనొప్పి తెచ్చింది ఇదే. అమలాపురం వైపు ఒకావిడ డబ్బా తెచ్చి నా ముందు పెట్టి, "నాలుగు వైపులా క్లిప్పులున్న డబ్బా కొన్నానండీ, చీమ కూడా దూరదు, మరి ఈ బూజు ఎక్కడిదండీ" అన్నారు. మూత తీశాను. పైనున్న గ్రైండర్ మాన్యువల్ అట్ట అలలు అలలుగా ఉబ్బింది, అంచుల్లో బూడిదరంగు చుక్కలు. కింద ఉన్నవి బాగానే ఉన్నాయి. మూత లోపలి వైపు వేలితో రాస్తే తడి తగిలింది. బయటి నుంచి నీళ్లు వచ్చిన జాడే లేదు. మూత సరిగ్గానే ఉంది, గ్యాస్కెట్ సరిగ్గానే ఉంది. డబ్బా తన పని తాను చేసింది, తడిని బయటికి పోనివ్వలేదు.

ఆ తడి కాగితంలోనిదే. ముసురు పట్టిన రోజుల్లో మన ఇళ్లలో కిలో కాగితం దాదాపు వంద గ్రాముల నీటిని పీల్చుకుని ఉంటుంది. చేత్తో పట్టుకుంటే తడిగా అనిపించదు, కాస్త మెత్తబడినట్టు ఉంటుందంతే. పదిహేను లీటర్ల డబ్బాలో పట్టే గాలిలో మాత్రం, ఎంత చెమ్మ ఉన్నా, ముప్ఫై డిగ్రీల దగ్గర అరగ్రాము నీరు కూడా ఉండదు. అందుకే గాలి దూరకుండా చూసుకున్నంత మాత్రాన ఒరిగేదేమీ లేదు. మీరే వంద గ్రాముల నీటిని కాగితం రూపంలో లోపల పెట్టి క్లిప్పులు బిగించారు. అట్ట ముక్కలతో గదులు చేసి ఉంటే వాటిలోనూ అంతే నీరుంటుంది.

ఆ పెట్టెను అటక మీద పెడితే పాడయ్యే పని పూర్తవుతుంది. పగలు పైకప్పు కాలి డబ్బా వేడెక్కుతుంది. కాగితంలోని చెమ్మ ఆవిరై లోపలి గాలిలోకి వస్తుంది. రాత్రి చల్లబడేటప్పుడు ముందు మూత చల్లబడుతుంది. ఆవిరి దాని కిందనే నీటి బొట్లుగా పడుతుంది, ఆ బొట్లు అన్నిటికన్నా పైనున్న పుస్తకం మీద రాలతాయి. అందుకే బూజు పైదానికే ముందు పట్టింది. రేకుల ఇళ్లలో పగలూ రాత్రీ తేడా ఇంకా ఎక్కువ కాబట్టి అక్కడ ఇది త్వరగా బయటపడుతుంది. బయటి గోడకి ఆనించిన డబ్బాలో అయితే గోడవైపు పుస్తకం ఉబ్బుతుంది.

మూతది తప్పా, లోపలి సామానుదా అని తేల్చుకోవడం తేలికే. చెమ్మ పీల్చే గుళికలు, అంటే రంగు మారే సిలికా జెల్, కెమెరా సామాన్ల షాపుల్లో, ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. నారింజ రంగు తీసుకోండి, చెమ్మ పీల్చాక అది ఆకుపచ్చ అవుతుంది. డబ్బా పూర్తిగా ఖాళీ చేసి, తుడిచి, గుడ్డ మూటలో రెండు చెంచాల జెల్ వేసి మూత బిగించి వారం వదిలేయండి. నారింజ రంగే ఉంటే మూత మంచిదే. తర్వాత సామాను సర్ది మళ్లీ అదే మూట పెట్టండి. రెండు రోజుల్లో పచ్చబడితే నీళ్లు మీ సామానులోనే ఉన్నాయి. ఖాళీ డబ్బాలోనే పచ్చబడితే అప్పుడు మూత గ్యాస్కెట్ చూడండి, వెంట్రుకో ఇసుక రేణువో పడి ఉంటుంది. నా దగ్గరికి వచ్చిన వాటిలో మూత తప్పు చాలా తక్కువ.

మెషీన్‌తో వచ్చే చిన్న తెల్ల జెల్ పొట్లాలను నమ్ముకుని చాలామంది ధీమాగా ఉంటారు. ఒకటో ఐదో గ్రాముల పొట్లం అది. ఫ్యాక్టరీ నుంచి మీ ఇంటికి చేరేలోపే చాలావరకు నిండిపోయి ఉంటుంది, తెల్లది కాబట్టి నిండిందో లేదో తెలియదు. కిలో కాగితాన్ని వానాకాలపు చెమ్మ నుంచి బాగా ఆరిన స్థితికి తేవాలంటే పాతిక గ్రాములకి పైగా నీరు లాగాలి. అందుకు తాజా జెల్ వంద గ్రాములకి మించే కావాలి. అంతకంటే ముందు కాగితాన్నే ఆరబెట్టుకోవడం తేలిక, చవక.

ఎలా ఆరబెట్టాలి? ఇంట్లో ఏసీ గది ఉంటే దానిని మించింది లేదు. పుస్తకాలను పేజీలు విప్పారేలా నిలబెట్టి, డబ్బా మూత తీసి, రాత్రంతా ఏసీ గదిలో ఉంచండి. పొద్దున్న ఏసీ ఆపకముందే అక్కడే సర్ది మూత బిగించండి. బయటికి తెచ్చాక బిగిస్తే రాత్రి చేసిన పని చాలావరకు వృథా. ఏసీ లేకపోతే ఎండాకాలం కోసం ఆగండి. రోహిణి కార్తెలో పడమటి గాలి వీచే మధ్యాహ్నాలు మన గోదావరి డెల్టాలో గాలి బాగా పొడిగా ఉండే వేళలు. పన్నెండు నుంచి మూడు మధ్య ఫ్యాన్ కింద, నీడలో పరచండి. సాయంత్రం సముద్రపు గాలి తిరగకముందే మూత పడాలి. ఆవకాయ జాడీకి తడి గరిటె తగలనివ్వని మన ఇళ్లలో ఈ శ్రద్ధ కొత్తేమీ కాదు, అదే శ్రద్ధ ఈ డబ్బాకీ పెట్టండి. మృగశిర వచ్చాక సర్దాలనుకుంటే ఏసీ గదే దిక్కు.

పచ్చబడిన జెల్‌ని ఓవెన్‌లో నూట ఇరవై డిగ్రీల దగ్గర గంటా రెండు గంటలు ఉంచితే మళ్లీ నారింజ అవుతుంది. ఓవెన్ లేనివాళ్లు వంటకి వాడని పాత మూకుడులో, కిటికీ తెరిచి, సన్నటి మంట మీద కలుపుతూ వేడిచేయవచ్చు. పొట్లంలోనే వేడిచేయకండి, కవర్ కరిగిపోతుంది.

ఇక పెట్టె తయారీ సంగతి. కాగితాలూ, లోహం, రబ్బరూ ఒకే డబ్బాలో పెట్టకండి. రెండు పెట్టెలు చేయించండి. కాగితాల పెట్టెకి గాలి ఆడాలి. పక్కలకి పైన వరసగా రంధ్రాలు, అడుగున నాలుగు మూలలా చిన్న కాళ్లు చాలు. దాన్ని అటక ఎక్కించకుండా ఫ్యాన్ తిరిగే గదిలో, లోపలి గోడ వైపు అలమరలో నిలబెట్టండి. కాగితాలు రోజూ కదిలే గాలిలో ఉంటే బూజుకి అవకాశం తగ్గుతుంది. అటక తప్ప చోటు లేదంటే ఆరబెట్టి, జెల్ తగినంత వేసి, గాలి చొరని డబ్బాలో పెట్టండి. బ్లేడ్లు, స్క్రూలు, అలెన్ కీలు ఉన్నది మాత్రం ఎప్పుడూ గాలి చొరని డబ్బాయే. అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పు గాలికి ఇనుప స్క్రూ తొందరగా తుప్పుపడుతుంది. మిక్సీ జార్ పెట్టేముందు బోర్లించి, అడుగున బ్లేడు తిరిగే బుష్ చుట్టూ నీళ్లు లేకుండా చూడండి. పైన పొడిగా కనబడి అక్కడ మాత్రం నీళ్లు నిలిచి ఉంటాయి.

సమస్య: రబ్బరు జిగురు పట్టింది, వైరు థర్మాకోల్‌కి అతుక్కుంది

కోనసీమ ఇళ్లలో గ్రైండర్‌తో వచ్చే కొబ్బరి కోరు పరికరం రోజూ వాడతారు. కొబ్బరిలోని నూనె గ్యాస్కెట్‌కి పట్టి అలాగే ఉంటే మామూలు రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది, చీమలూ చేరతాయి. వేడినీళ్లు, గిన్నెల సబ్బుతో కడిగి, పూర్తిగా ఆరాకే పెట్టండి. ఉబ్బిపోయిందాన్ని ఎంత కడిగినా మళ్లీ సరిగా కూర్చోదు, మార్చేయండి. కుక్కర్ గ్యాస్కెట్‌ను మడవకుండా గుండ్రంగా, పరిచినట్టు ఉంచండి.

పీవీసీ వైరు థర్మాకోల్‌కి తగులుతూ నెలలు ఉంటే వైరులోని మెత్తదనం ఇచ్చే పదార్థం అందులోకి దిగి థర్మాకోల్ కరిగి అతుక్కుంటుంది. వైర్లను గుడ్డ సంచిలోనో కాగితంలోనో చుట్టి పెట్టండి. బుక్‌లెట్లకి రబ్బరు బ్యాండ్లు వేయకండి, కరిగి అట్టకి అంటుకుంటాయి. కలరా ఉండలు కూడా వద్దు, వాటి ఆవిరి కొన్ని ప్లాస్టిక్‌లను మెత్తబరుస్తుంది.

సమస్య: పెట్టెలో దాచిన రిమోట్ పనిచేయదు

బ్యాటరీలు తీయకుండా దాచారు, అవి కారాయి. మూత తీసి స్ప్రింగుల దగ్గర తెల్లటి పొడి ఉందేమో చూడండి. ఆల్కలైన్ బ్యాటరీ అయితే కాస్త నిమ్మరసం తడిపిన దూదితో తుడిచి, తర్వాత తడిగుడ్డతో, ఆపైన పొడిగుడ్డతో తుడవండి. స్ప్రింగు తుప్పుపట్టి విరిగితే మెకానిక్ దగ్గరికే. ఇకపై బ్యాటరీలు విడిగా పెట్టండి.

అరుదుగా వచ్చేవి

ప్లాస్టిక్ డబ్బాలోకి చెదలు రావడం దాదాపు చూడలేదు. చెక్క పెట్టెను నేల మీద, గోడకి ఆనించి పెడితేనే ఆ భయం. వెండిరంగు పురుగులు చెమ్మ ఉన్న కాగితంతోనే వస్తాయి, ఆరబెడితే పోతాయి. ఎలుకలు ప్లాస్టిక్‌నీ కొరకగలవు, వాటి బెడద ఉంటే మందం రేకు డబ్బా మేలు.

వరదలో తడిసిన మాన్యువళ్లు

1986 ఆగస్టు, 2022 జులై వరదలు చూసిన లంక గ్రామాల వాళ్లకి ఇది చెప్పక తప్పదు. కాగితాల పెట్టెను ఒక చేత్తో పట్టుకుపోయేంత బరువులోనే ఉంచండి, దానికి పిడి పెట్టించండి. గోదావరి పెరుగుతోందని వినగానే వారంటీ కార్డులు, బిల్లుల జిరాక్సులు జిప్ కవర్లో వేసుకోండి. పుస్తకం తడిసిపోతే ఎండలో పెట్టి గట్టిపడనివ్వకండి. నున్నటి పేజీలు తడిగా ఒకదానికొకటి ఆనుకుని ఎండితే విడదీయలేనంతగా అతుక్కుపోతాయి. తడి ఉన్నప్పుడే పేజీలు మెల్లగా విడదీసి, మధ్యన న్యూస్‌పేపర్ ముక్కలు పెట్టి, నీడలో ఫ్యాన్ కింద ఉంచండి. పేపర్ తడిసిన కొద్దీ మారుస్తూ ఉండండి.