బూటులో నల్ల ఫోమ్

కావలిలో మా సెల్‌ఫోన్ రిపేరు కొట్టులో నేలంతా టైల్సే. సముద్రపు గాలి తగిలే రోజుల్లో స్టాటిక్ (రాపిడితో ఒంట్లో పేరుకునే విద్యుత్ చార్జి) బెడద తక్కువ. మే నెల వడగాలికి ఏసీ తోడైతే తేమ పడిపోయి ఒంట్లో చార్జి పేరుకుంటుంది. సుమారు 3000 వోల్టులు దాటితే గాని మన వేలికి చురుక్కుమనదు. ఫోన్‌లోని కొన్ని ఐసీలు (చిప్పులు) పాడవడానికి మాత్రం 100 వోల్టులే ఎక్కువ. అందుకే ఆ చార్జిని బూట్ల గుండా నేలకు దింపే ఏర్పాటు ఇది.

ఐసీలు గుచ్చి పంపే నల్ల ఫోమ్ తీసుకోండి. గులాబీ రంగుది వద్దు. అది చార్జిని అంతగా పుట్టనివ్వదు, కానీ నేలకూ దింపదు. మల్టీమీటరు ముళ్లు గుచ్చితే నల్లది రీడింగు చూపాలి. పాత ఇన్‌సోల్ అచ్చు పెట్టి రెండు బూట్లకూ కత్తిరించండి, నడిచేటప్పుడు ఒక కాలు గాలిలోనే ఉంటుంది కదా!

అసలు పని ఇక్కడుంది. బూటు అడుగు రబ్బరుదైతే ఫోమ్ ఒక్కటే పెట్టడం దండగ. ఫోమ్‌కు 1 మెగాఓమ్ రెసిస్టరు కలిపి, రెండో కొసను కరెంటు ప్రవహించే టేపుతో మడమ కిందికి తేవాలి. కింద ఎర్త్ చేసిన ఈఎస్‌డీ మ్యాటు (స్టాటిక్ చార్జిని దింపే చాప) ఉండాలి. ఉత్త టైల్సు మీద ఫలితం ఉండదు. రెసిస్టరు అనవసరమని తీసేసేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. పొరపాటున 230 వోల్టుల తీగ తగిలితే కాళ్ల గుండా పోయే కరెంటును తగ్గించేది అదే. అది ఉన్నా సరే, ఈ బూట్లతో మెయిన్స్ పని ముట్టుకోవద్దు.

నైలాను మేజోళ్లు మానేసి నూలువి వేసుకోండి. కూర్చుని పనిచేసేవాళ్లకు ఎర్త్‌కు కలిపే మణికట్టు పట్టీయే మేలు. ఫోమ్ నలిగి పొడి రాలుతుంటే మార్చేయండి.